డాబా మీద స్పితి లోయ

డిసెంబర్ 3, 1995. ఆదివారం

గ్రూప్-వన్ ఇంటర్వ్యూ లెటరు నిన్న వచ్చింది. జనవరి 23, మధ్యాహ్నం రెండు గంటలకు. మూడేళ్ళుగా రాస్తున్నాను, రాత పరీక్ష గట్టెక్కడం ఇదే మొదటిసారి. సంతోషం పట్టలేక రెండేసి మెట్లు దిగబోయి, చెప్పు తెగి, ఇంటి ఓనరు కమల ఆంటీ అప్పుడే వేసిన ముగ్గు మీద పడ్డాను. ఆవిడ ముందు ముగ్గును చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది.

చిక్కల్లా ఒక్కటే. హాబీ.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ళకు హాబీలు ఉండవు. ఎక్కడ నుంచి వస్తాయి? లేస్తే లైబ్రరీ, పడుకుంటే పాత ప్రశ్నపత్రాలు. అందుకని బయోడేటా నింపే రోజున హాబీని ఎరువు తెచ్చుకుంటారు. పోయినేడు ఒకే స్టాంపుల ఆల్బమ్‌ను మా సందులోంచి నలుగురు ఇంటర్వ్యూకు పట్టుకుపోయారు. నాలుగోవాడిని బోర్డులో ఒకాయన "బాబూ, ఇందులో జపాన్ స్టాంపు నిన్నటికి ఊడిపోయి ఉండె, అంటించినవా?" అని అడిగాడట. ఎరువు సొమ్ము బరువుచేటు అని ఊరికే అనలేదు.

నాకు హాబీ ఇచ్చింది భానుప్రకాశ్ అన్న. ఆరేళ్ళలో మూడు ఇంటర్వ్యూలు చూసిన మనిషి. ఉద్యోగం తప్ప అన్నీ వచ్చాయి ఆయనకు.

"పుస్తకాలు చదువుడు అని రాస్తే బోర్డు నిద్రపోతది నవనీతా. ట్రెకింగ్ అని రాయి. ఆడపిల్ల, ట్రెకింగ్! కుర్చీలకెళ్ళి లేస్తరు సూడు."

"నేను యాడికి పోయిన అన్నా ట్రెకింగ్?"

ఆయన దగ్గర అట్ట ఊడిన పాత ఇంగ్లీషు పత్రిక ఒకటి ఉంది. అందులో హిమాచల్‌లో స్పితి లోయ గురించి, ఆ లోయలో చుర్లింగ్ అనే చిన్న ఊరి గురించి ఎనిమిది పేజీలు. "గీడికి పోయినా అని రాయి. ఎవడు పోయి సూసొస్తడు?" అన్నాడు. రాసేశాను. అప్పుడు రాత పరీక్ష పాసవుతానని ఎవరనుకున్నారు?

ఇక యాభై రోజుల్లో ఆ ఊరు నా సొంత ఊరు కావాలి. నేనా, జన్మలో ఒక్క కొండ ఎక్కిన పాపాన పోలేదు. మాది చదును నేల. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తయినది నీళ్ళ ట్యాంకు.

డిసెంబర్ 6

చుర్లింగ్. ఎత్తు నాలుగు వేల మీటర్లు. ఇళ్ళు ముప్పై ఒకటి, అన్నీ మట్టివే, చదును కప్పులు. వానలు దాదాపు లేవు, మబ్బులు కొండల అవతలే ఖాళీ అయిపోతాయి. పంట బార్లీ, బఠాణీ. పైనున్న మంచుగడ్డ కరిగి వచ్చే నీటిని కాలవ తవ్వి పొలాలకు తెచ్చుకుంటారు. శీతాకాలంలో కనుమ మూసుకుపోతే ఆరు నెలలు బయటి లోకం లేదు.

ఆరు నెలలు ఎవరూ వచ్చి "రిజల్ట్ ఏమైంది" అని అడగరన్నమాట. ఊరు నచ్చింది.

డిసెంబర్ 10

బస్సు దిగాక చుర్లింగ్‌కు పదకొండు కిలోమీటర్ల నడక. నడిచినట్టు చెప్పాలంటే కాళ్ళకైనా తెలియాలి కదా. లావుపాటి భూగోళశాస్త్రం పుస్తకాలు నాలుగు సంచిలో వేసుకుని పొద్దున్నే బయలుదేరాను. మా అశోక్‌నగర్ మురుగు నాలా స్పితి నది. వాసన సంగతి పక్కన పెట్టాను. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు లోయ. నారాయణగూడ చౌరస్తా వంతెన. బర్కత్‌పుర పొలాలు. అడిక్‌మెట్ ఎక్కుడు దగ్గర ఊపిరాడక ఆగి, "గాలిలో ప్రాణవాయువు తక్కువ" అని పైకే అనుకున్నాను. పక్కన జామకాయలమ్మే అవ్వ, "కూసో బిడ్డా, పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అంది.

తినలేదు. అదీ అసలు సంగతి.

డిసెంబర్ 17. ఆదివారం

కాగితం మీద పటం ఎంత గీసినా బుర్రకెక్కడం లేదు. ధనుర్మాసం కదా, కమల ఆంటీ డబ్బాడు ముగ్గుపిండి తెచ్చిపెట్టుకుంది. అడిగి సగం తీసుకుని, డాబా మీద స్పితి లోయ మొత్తం పరిచాను. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నది. ఇటుక ముక్కలు శిఖరాలు. ఊరి కోసం ముప్పై ఒక్క చింతగింజలు.

ఆంటీ గుమ్మడి వడియాలు పెట్టడానికి పైకి వచ్చింది.

"ఏందే ఇది? ఏ పండుగ ముగ్గు?"

"లోయ ఆంటీ. హిమాలయాల్ల."

కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఏరు మరీ వంకరున్నది. రెండు గీతలు వెయ్యి, నిండుగుంటది" అని తనే కూర్చుని నదికి రెండో గట్టు వేసింది. చేయి ఊరుకోక నది మధ్యలో రెండు తామరలు కూడా వేసింది. వడియాలను మంచుగడ్డ మీద ఆరబెట్టింది. సాయంత్రం వాళ్ళాయన కిషన్ రావు గారు నీళ్ళ ట్యాంకు చూడడానికి వచ్చి, స్పితి నదిని చెప్పులతోనే దాటేశారు.

డిసెంబర్ 21

ఈ రోజు జరిగింది రాయకపోతే నిద్రపట్టదు.

నారాయణగూడలో ఫుట్‌పాత్ మీద చలికాలం స్వెటర్ల దుకాణాలు పెడతారు కదా. అందరూ వాళ్ళను నేపాలీవాళ్ళు అంటారు. నేనూ అంతే. చౌరస్తా చివర కూర్చునే ఆమెను ఊరికే, మాట కోసం, ఏ ఊరని అడిగాను. స్పితి అంది.

నా చేతిలో సంచి జారిపోయింది.

పేరు పల్మో. నలభై ఏళ్ళుంటాయి. ఆరు చలికాలాలుగా హైదరాబాద్ వస్తోందట. మా హిందీ ఎంత ఒంటబట్టిందంటే వద్దుకు "నక్కో", అవునుకు "హౌ" అంటూ మాట్లాడుతోంది. చుర్లింగ్ తెలుసా అంటే, వాళ్ళ అక్కను ఇచ్చింది అక్కడేనట! పత్రిక తీసి అందులోని ఊరి ఫొటో చూపించాను. చూసింది, తల వంచి చూసింది, ఆపైన పడీ పడీ నవ్వింది. పక్క దుకాణం ఆమెను పిలిచి చూపించింది. ఇద్దరూ నవ్వారు.

"ఇది మా అక్క ఊరు కాదు, అద్దంలో మా అక్క ఊరు. ఊరి మీంచి కిందికి చూస్తే నది ఎడమకు పోవాలి. ఇందులో కుడికి పోతోంది. ఫొటో తిరగేసి అచ్చు వేశారు."

నేను బట్టీపట్టింది అంతా, దిక్కులు, ఎండ ముందు పడే గట్టు, కాలవ దిగే పక్క, అన్నీ ఆ ఫొటోను బట్టే.

డిసెంబర్ 22

ఫొటోను అద్దానికి ఎదురుగా పెట్టి చూశాను. వెనకున్న శిఖరం దిక్కు ఇప్పుడు అట్లాసుతో సరిపోయింది.

డిసెంబర్ 24

లోయను చెరిపి మళ్ళీ వేశాను. కమల ఆంటీకి కోపం వచ్చింది.

"నిన్నటి దాకా గిట్ల పారిన ఏరు ఇయ్యాల గట్లెట్ల పారుతదే? నా తామరలు ఏమైనయి?"

తామరలు మళ్ళీ వేయించాను.

డిసెంబర్ 31

ఊరి నుంచి మా పక్కింటి బాలకిషన్ వచ్చాడు. అతని చేత నాయిన గొంగడి పంపాడు. కొత్తది. నల్లది.

మంచం కిందికి తోశాను. వాసన గది అంతా.

జనవరి 4, 1996

పల్మో దీదీ లోయ చూస్తానని మా డాబా మీదికి వచ్చింది. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, ముగ్గు తొక్కకుండా గోడ పక్కనుంచి నడిచింది. వాళ్ళ లోయను ఎవరైనా ముగ్గుపిండితో వేయగా చూడడం ఇదే మొదటిసారట. తామరలు ఎక్కడివని మాత్రం అడిగింది.

చాలా చెప్పింది. శీతాకాలంలో ఊరు నిద్రపోతుందని పత్రికలో ఉంది కదా, అదంతా ఒట్టిమాట. పెళ్ళిళ్ళన్నీ అప్పుడేనట. పొలం పని ఉండదు, ఉన్ని వడుకుతారు, నేస్తారు, తాగుతారు, పాడతారు. మందను రాత్రి ఎక్కడ ఉంచుతారో కూడా చెప్పింది. నదికి దూరంగా, ఊరికి పైన, పొద్దున మొదటి ఎండ పడే మెరక మీద. నోటుపుస్తకంలో రాసుకున్నాను కానీ పటంలో గుర్తు పెట్టలేదు. మంద సంగతి ఇంటర్వ్యూలో ఎవరడుగుతారు?

"గాలి వచ్చిందంటే మా గొర్రెలు..." అని ఆమె మొదలుపెట్టింది.

"తల గాలికి అటు తిప్పి, ఒకదాని కింద ఒకటి దూర్చుకుంటయి" అన్నాను.

"నీకెట్లా తెలుసు?"

"పుస్తకంలో చదివిన."

గదిలో టీ తాగుతుంటే కింద పడిన గ్లాసు కోసం వంగింది. మంచం కింద గొంగడి చూసింది. బయటికి లాగింది. మొహం అందులో పెట్టి ఊపిరి పీల్చింది. ఎవరు నేశారని అడిగింది.

"మా ఊళ్ళ ఎవరో" అన్నాను.

తన దుకాణంలో ఏ స్వెటర్ కావాలన్నా తీసుకుని ఇది ఇస్తావా అంది. ఇచ్చేశాను. గొంగడితో నేనేం చేసుకుంటాను? ఇంటర్వ్యూకు కప్పుకుని పోతానా?

ఎర్ర స్వెటర్ తీసుకున్నాను.

జనవరి 5

స్వెటర్ బాగుంది.

జనవరి 7

స్వెటర్ చాలా బాగుంది. తేలిగ్గా ఉంది. వాసన లేదు.

జనవరి 16

భానుప్రకాశ్ అన్న ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టాడు. ఆయనే చైర్మన్, ఆయనే ఇద్దరు మెంబర్లు. కుర్చీలు మారుతూ గొంతు మార్చుతూ అడిగాడు. చుర్లింగ్ దారిలో ఏం తిన్నారంటే, బార్లీ పిండిని ఉప్పు టీలో కలిపి ముద్ద చేసుకున్నామని చెప్పాను. చివరికి చప్పట్లు కొట్టాడు.

"నాకే నమ్మకమొచ్చింది! నువ్వు పోనే పోయినవ్, నాకు చెప్పలే అంతే."

నిజానికి నాకూ అలాగే ఉంది. కళ్ళు మూసుకుంటే ఆ కాలవ చప్పుడు వినిపిస్తోంది. చలికి చెవులు మండుతున్నాయి. ఉద్యోగం వచ్చినట్టే.

స్వెటర్‌కు మోచేతి దగ్గర దారం లేచింది. పెద్ద విషయం కాదు.

జనవరి 20. శనివారం

పొద్దున ఎనిమిదింటికి సందులోంచి కేక. "బుగ్గమ్మా! ఓ బుగ్గమ్మా!"

ఇంట్లో పిలిచే ఆ పేరు ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు. బడిలో సార్ పెట్టిన నవనీతే ఇక్కడ అందరికీ తెలుసు. ఇప్పుడు సందు మొత్తానికి తెలిసింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. కింద మా నాయిన కురుమయ్య, భుజాన గొంగడి, చేతిలో కర్ర, ఇంకో చేతిలో సర్వపిండి రొట్టెల మూట.

"ఇంటర్వ్యూ అంటివి గదా. సూసిపోదామని వచ్చిన" అన్నాడు.

గదిలో కూర్చోబెట్టాను. మంచం వైపు చూశాడు. నా ఒంటి మీది స్వెటర్ చూశాడు. ఎండ కోసం డాబా మీదికి తీసుకెళ్ళాను.

ముగ్గు ముందు ఆగిపోయాడు. తొక్కకుండా చుట్టూ తిరిగాడు. గొంతుక్కూర్చున్నాడు.

"ఇది ఏరా?"

"అవు."

"ఇవి గుట్టలా? పొద్దు ఏ దిక్కు పొడుస్తది?"

చూపించాను.

"గాలి?"

"ఏటెంబడి పైకొస్తది, పగటీలి."

అసలు అడిగింది ఆ రెండే, పొద్దు, గాలి. భానుప్రకాశ్ అన్న నెల రోజుల్లో ఒక్కసారీ అడగనివి. కర్ర చివరతో ఊరికి పైన, నదికి దూరంగా ఉన్న మెరకను తాకాడు.

"మంద ఈడ కూసుంటది."

పల్మో చెప్పిన చోటే. వేలెడు తేడా లేదు.

"ఏటి పక్క ఎందుకు కూసోబెట్టరు నాయినా?"

"రాత్రి సలి నీళ్ళ లెక్క కిందికి దిగుతది బిడ్డా. పల్లంల నిలుస్తది. పిల్లలు సస్తయి. మెరక మీద ఎచ్చగుంటది, పొద్దుగాల మొదలు ఎండ ఆడనే పడతది. మన్ననూరు గుట్ట మీద మనం గట్లనే గదా కూసోబెడ్తుంటిమి. యాదిలేదా నీకు?"

ఉంది నాయినా.

గొంగడి సంగతి నేనే చెప్పాను. ఎవరికిచ్చానో, ఏం తీసుకున్నానో, ఎవరు నేశారంటే ఏమన్నానో కూడా. చివరిది చెప్పేటప్పుడు ఏడుపు వచ్చింది. ఆయన ఏరు వైపు చూశాడు.

"మంచుల ఉండే ఆమెనా? మల్ల ఆమెకే కావాలె గదా. నీకేం సలి ఈడ?" అన్నాడు. ఆ తర్వాత స్వెటర్ అంచు రెండు వేళ్ళతో నలిపి చూసి, "ఇది గొర్రెది కాదు. ప్లాస్టిక్" అన్నాడు.

జనవరి 21

డిసెంబర్ 3న ఈ డైరీలో అబద్ధం రాశాను. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో ఎవరికోసం రాశానో మరి.

ఎనిమిదో ఏట నుంచి పదమూడో ఏట దాకా, ప్రతి ఎండాకాలం సెలవుల్లో నాయిన వెంట మందతో నడిచాను. మా ఊరి నుంచి అచ్చంపేట, అక్కణ్ణుంచి మన్ననూరు గుట్ట ఎక్కి నల్లమల లోపలికి. పోను పన్నెండు రోజులు. మూడు వందల గొర్రెలు. అప్పుడే పుట్టిన పిల్లలను గొంగడి మడతలో వేసుకుని గుట్ట ఎక్కింది నేనే. హాస్టల్లో చేరిన మొదటి రోజు ఒక అమ్మాయి ముక్కు మూసుకుంది. ఆ రోజు నుంచి మాది చదును నేల అయింది.

జనవరి 23. మంగళవారం

ఇంటర్వ్యూ అయింది. నాంపల్లి నుంచి నడిచే వచ్చాను.

బోర్డులో ముగ్గురు. చైర్మన్, ఒక మేడమ్, ఒక బక్కపలచని పెద్దాయన. మొదటి పావుగంట బాగానే సాగింది. అప్పుడు పెద్దాయన బయోడేటా పైకెత్తి, "చుర్లింగ్ దాకా నడిచారా! ఆ దారిలో మీకు అన్నిటికంటే కష్టమనిపించింది ఏమిటి?" అని అడిగారు.

జవాబు నోటి చివరే ఉంది. పలచటి గాలి, తెగిన దారి, అన్నీ. కానీ నోరు తెరిస్తే కళ్ళ ముందు నాయిన కర్ర చివర కనిపించింది.

"నేను అక్కడికి పోలేదు సార్" అన్నాను.

చైర్మన్ కళ్ళద్దాలు తీశారు.

"బయోడేటాలో అబద్ధం రాసిన మనిషికి మేం ఉద్యోగం ఎందుకివ్వాలమ్మా?"

"ఇవ్వకపోయినా తప్పు మీది కాదు సార్. ఆ ఊరికి పోయినననేది అబద్ధం. నడిచిననేది మాత్రం నిజం" అన్నాను. ఇక ఆగలేదు. మంద గురించి, మన్ననూరు గుట్ట గురించి, దారిలో రైతులు పొలంలో ఎరువు కోసం మందను కూర్చోబెట్టుకుని జొన్నలివ్వడం గురించి, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పాను. మూడు వందల గొర్రెలను ఎలా లెక్కపెడతారని మేడమ్ అడిగింది. లెక్కపెట్టం మేడమ్, మొహాలు చూసుకుంటం అన్నాను. లోయలో ఉష్ణోగ్రతా విలోమం అంటే ఏమిటని పెద్దాయన అడిగారు. మూడేళ్ళుగా బట్టీపట్టిన పది లైన్లు పక్కన పెట్టి, "రాత్రి చలి నీళ్ళ లెక్క కిందికి దిగుతది సార్, పల్లంలో నిలుస్తది" అన్నాను.

ఆయన ఏదో రాసుకున్నారు. మంచిదో చెడ్డదో తెలియలేదు. చైర్మన్ చివరిదాకా నవ్వలేదు.

భానుప్రకాశ్ అన్నకు చెబితే తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. "సత్తెనాశ్! యాభై రోజుల కష్టం! ఆడ హరిశ్చంద్రుని లెక్క ఎవరు చెప్పుమన్నరు నిన్ను?"

వస్తుందో రాదో. ఆకలి మాత్రం బాగా వేసింది. సర్వపిండి మొత్తం తినేశాను.

జనవరి 24

పల్మో దీదీ దుకాణం సర్దుకుంటోంది, రేపు ప్రయాణం. అన్నీ చెప్పాను. గొంగడి నేసింది మా నాయినే అని మొదటిసారి పైకి అన్నాను. స్వెటర్ మడిచి ముందు పెట్టాను.

"గొంగడి మాత్రం నక్కో" అంది. అప్పటికే మూట అడుగున పెట్టి కట్టేసింది. "మీ నాన్నకు చెప్పు, మా అక్కకు ఇస్తా. కనుమ తెరిచాక చుర్లింగ్ పోతుంది."

స్వెటర్ నా చేతికే తిరిగి ఇచ్చింది. మోచేతి దగ్గర దారం అక్కడే కూర్చుని ముడివేసి పెట్టింది.

ఏప్రిల్ 11

వచ్చింది. ఉద్యోగం వచ్చింది. పేపర్లో నంబరు నాలుగుసార్లు చూశాను. కమల ఆంటీ చేత కూడా చూపించాను. ఎస్‌టీడీ బూత్ నుంచి ఊళ్ళో పోస్టాఫీసుకు ఫోన్ చేస్తే, నాయిన మందతో గుట్ట ఎక్కాడట, జూన్ దాకా రాడట.

సరే. ఎక్కనీ.

జూన్ 16. ఆదివారం

మందను తోటివాళ్ళకు అప్పజెప్పి, నాయిన గుట్ట దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడు. నిన్ననే పోస్టుకార్డు కూడా వచ్చింది. పల్మో ఎవరిచేతనో హిందీలో రాయించింది. కనుమ తెరిచారట. గొంగడి చుర్లింగ్ చేరిందట. అక్క పిల్లలు ముగ్గురూ దాని కిందే పడుకుంటున్నారట. చదివి చెబితే నాయిన, "ముగ్గురికి సరిపోదు. ఇంకోటి నేయాలె" అన్నాడు.

ఇంతలో భానుప్రకాశ్ అన్న నలుగురు కుర్రాళ్ళను వెంటేసుకుని డాబా ఎక్కాడు. నలుగురి చేతుల్లోనూ నోటుపుస్తకాలు.

"వచ్చే నోటిఫికేషన్‌కు బయోడేటా నింపుతున్నరు నవనీతా. హాబీ కాడ గొర్లు కాసుడు అని రాయమన్న. బోర్డుకు గదే ఇష్టమట గదా! జర నాయినతోని నాలుగు ముక్కలు చెప్పించు, రాసుకుంటరు."

నాకు నవ్వాగలేదు. నాయిన మాత్రం నవ్వలేదు. నలుగురినీ పైనుంచి కింది దాకా, ముఖ్యంగా చెప్పులను, చూశాడు. కర్ర పట్టుకుని లేచాడు.

"రాసేది ఏం లేదు. ఆ బుక్కులు ఈడ పెట్టుండ్రి. ఏ ఊరోళ్ళు మీరు? మన్ననూరు గుట్ట మీదికెళ్ళి మందను ఇంటికి తోలాలె, పన్నెండు రోజుల తొవ్వ. ఎల్లుండి మబ్బుల్నే, కోడి కూయకముందే బయలెళ్తున్న. వస్తరా?"

ఇద్దరు మెల్లగా మెట్ల వైపు జరిగారు. మిగిలిన ఇద్దరూ వస్తామన్నారు. వాళ్ళ వెనక, కొంచెం ఆలస్యంగా, భానుప్రకాశ్ అన్న కూడా చెయ్యి ఎత్తాడు.